మోడల్ ఫైలును నడపకుండానే దానిలోని మెటాడేటాను కోడ్‌తో చదవడం ఎలా?

పెన్నాతీరం (1)

అందరికీ నమస్కారం. మా బృందం చేతికి వచ్చిన ఒక పాత డిస్కులో 340 ఏఐ మోడల్ ఫైళ్ళు ఉన్నాయి. వాటిని తయారుచేసినవారు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు, ఏ ఫైలు ఏమిటో ఎక్కడా రాసిపెట్టలేదు. సగం ఫైళ్ళ పేర్లు ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అనే ధోరణిలో ఉన్నాయి. వాటిలో 212 సేఫ్‌టెన్సర్స్, 47 జీజీయూఎఫ్, 38 ఆనెక్స్, 31 పైటార్చ్, 12 టీఎఫ్‌లైట్ అమరికల ఫైళ్ళు.

మొదట ఒక్కొక్క మోడల్‌నూ పూర్తిగా మెమరీలోకి ఎక్కించి చూడబోయాను. నా కంప్యూటర్‌లో 16 జీబీ మెమరీ మాత్రమే ఉన్నందువల్ల 13 జీబీ ఫైలు దగ్గరే యంత్రం కదలకుండా ఆగిపోయింది. నాకు కావలసింది బరువులు, అంటే మోడల్ శిక్షణలో నేర్చుకున్న సంఖ్యలు, కాదు. ప్రతి ఫైలూ ఏ నిర్మాణానికి చెందినది, ఏ సంఖ్యారూపంలో ఉంది, లేబుళ్ళు ఏమిటి, ఎప్పుడు శిక్షణ పొందింది అన్న వివరాలు, అంటే మెటాడేటా, ఒక పట్టికగా వస్తే చాలు. పైథాన్ బాగానే వచ్చుగాని బైట్ల స్థాయిలో ఫైళ్ళను చదివిన అనుభవం నాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

బైట్‌బాట (2)

పెన్నాతీరం గారూ, సేఫ్‌టెన్సర్స్‌తో మొదలుపెట్టండి. మీ దగ్గర ఎక్కువగా ఉన్నవి అవే, పైగా చదవడానికి అన్నిటికన్నా తేలికైన అమరిక కూడా దానిదే.

ఫైలులోని మొదటి 8 బైట్లు ఒక పూర్ణాంకం. అది గుర్తు లేని 64 బిట్ల సంఖ్య, చిన్న విలువ గల బైటు ముందు వచ్చే లిటిల్ ఎండియన్ క్రమంలో ఉంటుంది. దాన్ని న అనుకుందాం. ఆ తరువాతి న బైట్లు యూటీఎఫ్-8లో రాసిన జేసాన్ హెడర్, అంటే కీలూ విలువల జంటలుగా రాసిన ముందుమాట లాంటి భాగం. అది తప్పనిసరిగా తెరుచుకునే మీసాల బ్రాకెట్టుతో, అంటే 123 విలువ గల బైటుతో మొదలవుతుంది. హెడర్ ముగిశాక మిగిలినదంతా బరువులే. కాబట్టి ఫైలును బైనరీ రీతిలో తెరిచి, 8 బైట్లు చదివి, స్ట్రక్ట్ లైబ్రరీతోగాని ‘ఇంట్ ఫ్రమ్ బైట్స్’ పద్ధతితోగాని వాటిని సంఖ్యగా మార్చి, అన్ని బైట్లు మాత్రమే మళ్ళీ చదివి జేసాన్‌గా విప్పితే పని పూర్తవుతుంది. ఫైలు 13 జీబీ ఉన్నా మీరు డిస్కు నుంచి తీసుకునేది సాధారణంగా కొన్ని పదుల కిలోబైట్లకు మించదు.

ఆ జేసాన్‌లో ప్రతి టెన్సర్ (బరువుల పట్టిక) పేరుకూ మూడు వివరాలు ఉంటాయి: సంఖ్యారూపం, కొలతలు, బరువుల భాగంలో దాని ప్రారంభ, ముగింపు స్థానాలు. ఈ స్థానాలు ఫైలు మొదటినుంచి కాక, హెడర్ ముగిసిన చోటునుంచి లెక్కించినవి అన్నది మరువకండి. టెన్సర్ల పేర్లతోపాటు, ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లతో ‘మెటాడేటా’ అని రాసిన ప్రత్యేకమైన కీ ఒకటి ఉండవచ్చు. మీరు వెతుకుతున్నది దానినే. అది ఉండి తీరాలన్న నియమం లేదు. ఉన్నప్పుడు మాత్రం దానిలోని కీలూ విలువలూ అన్నీ అక్షరమాలలే, అంటే స్ట్రింగులే. 32 అన్న అంకె కూడా అక్కడ కొటేషన్ల మధ్యనే కనిపిస్తుంది.

చేత్తో రాయడం ఇష్టం లేకపోతే, సేఫ్‌టెన్సర్స్ లైబ్రరీలోని ‘సేఫ్ ఓపెన్’తో ఫైలును తెరిచి, దానిమీద ‘మెటాడేటా’ను పిలిస్తే అదే నిఘంటువు (పైథాన్ డిక్ట్) వస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో రాయమనే నా సలహా. పాడైన ఫైలు ఎదురైనప్పుడు ఎక్కడ పాడైందో అప్పుడే మీకు అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. న విలువను చదివిన వెంటనే అన్ని బైట్లూ చదవమని అడగకండి. అది ఫైలు పరిమాణంలోనుంచి 8 తీసేసిన దానికన్నా పెద్దదైతే ఆ ఫైలు తప్పు. అధికారిక లైబ్రరీ 10 కోట్ల బైట్లు దాటిన హెడర్‌ను ఎలాగూ తిరస్కరిస్తుంది, మీరూ అదే హద్దు పెట్టుకోండి.

పెన్నాతీరం (3)

బైట్‌బాట గారికి ధన్యవాదాలు. 212 సేఫ్‌టెన్సర్స్ ఫైళ్ళ హెడర్లూ నిమిషం లోపే చదవగలిగాను. అయితే రెండు చిక్కులు వచ్చాయి. చాలా ఫైళ్ళలో మెటాడేటా కింద ‘ఫార్మాట్’ అన్న కీ, దాని విలువగా పైటార్చ్‌ను సూచించే రెండక్షరాలు తప్ప ఇంకేమీ లేవు. రెండవది, తొమ్మిది ఫైళ్ళలో హెడర్ పొడవు 19 అంకెల సంఖ్యగా వస్తున్నది, అదీ తొమ్మిదింటిలోనూ ఒకే సంఖ్య. మీరు చెప్పిన హద్దు పెట్టకపోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఆ ఫైళ్ళు పాడైపోయాయని వదిలేయవచ్చా?

తాటికొమ్మ (4)

వదిలేయకండి, ముందు వాటి పరిమాణం చూడండి. ఒక్కొక్కటి 130 బైట్ల చుట్టుపక్కల ఉంటే అవి మోడళ్ళు కావు, గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ (పెద్ద ఫైళ్ళను విడిగా దాచే గిట్ అనుబంధం) సూచిక ఫైళ్ళు. గిట్ భాండాగారాన్ని తెచ్చుకున్నప్పుడు ఎల్‌ఎఫ్‌ఎస్ అమర్చి లేకపోతే, అసలు ఫైలుకు బదులు మూడు వరుసల చిన్న వచనం వస్తుంది. అది ఇంగ్లీషులో ‘వెర్షన్’ అనే ఏడక్షరాల మాటతోనూ ఒక ఖాళీతోనూ మొదలవుతుంది. ఆ ఎనిమిది బైట్లను మీ కోడ్ సంఖ్యగా చదివింది, అందుకే తొమ్మిదింటిలోనూ ఒకే 19 అంకెల విలువ వచ్చింది. మూడు వరుసలలో అసలు ఫైలు షా-256 గుర్తూ (ఫైలులోని బైట్లనుంచి లెక్కించే వేలిముద్ర లాంటిది), దాని పరిమాణమూ రాసి ఉంటాయి గనుక, అవే బరువులు డిస్కులో వేరే పేరుతో ఉన్నాయేమో సరిపోల్చుకోవచ్చు.

ఇక మెటాడేటా ఖాళీగా ఉన్న సంగతి. ‘ఫార్మాట్’ ఒక్కటే ఉండడం మామూలే, ట్రాన్స్‌ఫార్మర్స్ లైబ్రరీ మోడల్‌ను భద్రపరిచేటప్పుడు రాసేది అంతే. ఆ మోడల్ నిర్మాణ వివరాలు పక్కనే ఉండే కాన్ఫిగ్ జేసాన్ ఫైలులో ఉంటాయి, మీ పాత బృందం దాన్ని వదిలేసి బరువులను మాత్రమే కాపీ చేసి ఉంటుంది. అయినా హెడర్ చెప్పే సంగతులు తక్కువేమీ కాదు. టెన్సర్ల పేర్లలో ‘లేయర్స్’ తరువాత వచ్చే అంకెలలో పెద్దది 31 అయితే పొరలు 32. పద నిక్షేపణ పట్టిక కొలతలు 32000, 4096 అయితే పదకోశంలో 32000 టోకెన్లు (పదాల ముక్కలు) ఉన్నాయనీ అంతర్గత వెడల్పు 4096 అనీ తెలుస్తుంది. ఈ మూడూ కలిస్తే అది లామా 2లోని 700 కోట్ల పరామితుల (బరువుల) మోడల్ కావచ్చునని ఊహించగలరు. అన్ని టెన్సర్ల కొలతలనూ గుణించి కలిపితే పరామితుల సంఖ్య ఖచ్చితంగా వస్తుంది. లోరా, అంటే పెద్ద మోడల్‌కు జోడించే చిన్న సవరణల ఫైలైతే, ‘లోరా ఎ’ అనే టెన్సర్ కొలతలలో చిన్నది దాని ర్యాంకు.

నేను ఈ రెండు రకాల సమాచారాన్నీ ఎప్పుడూ వేర్వేరు గడులలో రాస్తాను. మెటాడేటాలో ఉన్నది ఎవరో చెప్పుకున్నది. టెన్సర్ల కొలతలలో కనిపించేది ఫైలు తానుగా చూపేది. మొదటిది అబద్ధం కావచ్చు, పాతబడి ఉండవచ్చు, ఒక ఫైలునుంచి మరో ఫైలుకు పొరపాటున అతికి ఉండవచ్చు. రెండవదానికి ఆ వీలు చాలా తక్కువ, ఎందుకంటే కొలతలు తప్పైతే మోడల్ ఎక్కదు.

పెన్నాతీరం (5)

మీ ఊహ నిజమైంది. తొమ్మిదీ సూచిక ఫైళ్ళే, ఒక్కొక్కటి 134 లేదా 135 బైట్లు. ‘చెప్పుకున్నది’, ‘కనిపించింది’ అని నా పట్టికలో రెండు గడులు పెట్టాను.

మరో సందేహం. బొమ్మలు గీసే మోడళ్ళ లోరా ఫైళ్ళు దాదాపు అరవై ఉన్నాయి. వాటిలో మాత్రం మెటాడేటా విపరీతంగా ఉంది, ‘ఎస్ఎస్’ అని మొదలయ్యే కీలు పదుల సంఖ్యలో కనిపిస్తున్నాయి. కొన్ని విలువలు జేసాన్ లోపల మళ్ళీ జేసాన్‌లా ఉన్నాయి.

బైట్‌బాట (6)

అవి కోహ్యా శిక్షణ స్క్రిప్టులతో తయారైన ఫైళ్ళు. విలువలన్నీ స్ట్రింగులే కావాలి గనుక, నిఘంటువులను దాచవలసి వచ్చినప్పుడు వాటిని ముందు జేసాన్ వచనంగా మార్చి అందులో పెడతారు. అందువల్ల శిక్షణ బొమ్మలకు ఇచ్చిన ట్యాగుల పౌనఃపున్యాన్ని చెప్పే కీ విలువను మీరు రెండవసారి విప్పాలి. శిక్షణ మొదలైన సమయం సెకన్ల లెక్కలో ఉంటుంది, దాన్ని తేదీగా మార్చుకుంటే మీరు అడిగిన ‘ఎప్పుడు’ అన్నదానికి జవాబు దొరుకుతుంది.

ఆ ట్యాగుల కీలో శిక్షణకు వాడిన ఫోల్డర్ల పేర్లు కూడా ఉంటాయి. ఎవరైనా మనుషుల ఫొటోలతో శిక్షణ ఇచ్చి ఫోల్డరుకు ఆ మనిషి పేరు పెట్టి ఉంటే, ఆ పేరు మోడల్‌తోపాటు ప్రయాణిస్తుంది. పట్టికను బృందం బయటివారికి పంపే ముందు ఆ గడిని తప్పక పరిశీలించండి.

అక్షరవాహిని (7)

జీజీయూఎఫ్ గురించి నేను రాస్తాను, రెండేళ్ళుగా వాటితోనే నా పని.

ఈ అమరిక 2023 ఆగస్టులో, భాషా మోడళ్ళను మామూలు కంప్యూటర్లలో నడిపే లామా సీపీపీ ప్రాజెక్టులో వచ్చింది. సేఫ్‌టెన్సర్స్‌కూ దీనికీ దృష్టిలోనే తేడా ఉంది. మోడల్‌ను నడపడానికి కావలసినదంతా, వచనాన్ని టోకెన్లుగా విడగొట్టే టోకెనైజర్‌తో సహా, ఒకే ఫైలులో ఇమడాలన్నది దీని ఉద్దేశం. కనుక ఇక్కడ మెటాడేటా అలంకారం కాదు, అది లేకపోతే మోడల్ నడవదు. మీ 47 ఫైళ్ళలోనూ వివరాలు దండిగా దొరుకుతాయని దీని అర్థం.

మొదటి నాలుగు బైట్లు 71, 71, 85, 70, అంటే జీ, జీ, యూ, ఎఫ్ అక్షరాలు. తరువాత 32 బిట్ల వెర్షన్ సంఖ్య, ఇప్పటి ఫైళ్ళలో ఎక్కువగా 3. ఆపైన టెన్సర్ల సంఖ్య, మెటాడేటా జంటల సంఖ్య, రెండూ 64 బిట్లవి. అక్కడినుంచి ఒక్కొక్క జంటా వరుసగా వస్తుంది: కీ పొడవు 64 బిట్లలో, కీ అక్షరాలు, విలువ రకాన్ని చెప్పే 32 బిట్ల సంఖ్య, విలువ. రకాలు 0 నుంచి 12 వరకు ఉన్నాయి. 4 అయితే గుర్తు లేని 32 బిట్ల పూర్ణాంకం, 6 అయితే 32 బిట్ల దశాంశ సంఖ్య, 7 అయితే అవును లేదా కాదు, 8 అయితే స్ట్రింగు, 9 అయితే శ్రేణి. శ్రేణిలో మొదట మూలకాల రకం, తరువాత వాటి సంఖ్య, ఆ తరువాత మూలకాలు ఉంటాయి. మొదటి వెర్షన్ ఫైళ్ళలో ఈ పొడవులు 64 బిట్లకు బదులు 32 బిట్లలో ఉండేవి, కాబట్టి వెర్షన్ 1 ఎదురైతే మీ కోడ్ ఆగి ఆ సంగతి చెప్పాలి.

సేఫ్‌టెన్సర్స్‌లోలాగా ‘హెడర్ ఇంత పొడవు’ అని చెప్పే సంఖ్య ఇక్కడ లేదు. ఒక జంట ఎక్కడ ముగుస్తుందో తెలియాలంటే దాన్ని చదవవలసిందే. లామా 3 ఫైలులో టోకెన్ల శ్రేణి 128256 స్ట్రింగులతో ఉంటుంది. అది మీకు అక్కరలేకపోయినా, ఒక్కొక్క స్ట్రింగు పొడవును చదివి అంత దూరం ముందుకు జరగకుండా తరువాతి కీని చేరలేరు. పైథాన్‌లో దీనికి కొద్ది సమయం పడుతుంది, విసుగు చెందకండి.

మన భాషతో పనిచేసేవారు పొరపడే చోటు ఒకటి ఉంది. స్ట్రింగు పొడవు బైట్లలో చెప్పినది, అక్షరాలలో కాదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాట కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, ఫైలులో 18 బైట్లు. ఫైలును వచన రీతిలో తెరిచి 18 ‘అక్షరాలు’ చదివిన కోడ్ ఆ కీ దగ్గరినుంచి దారి తప్పి, తరువాత కనబడే ప్రతి సంఖ్యనూ తప్పుగా చదువుతుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడదు. మోడల్ వివరణలో తెలుగు వాక్యం ఉన్న మొదటి ఫైలుతోనే బయటపడుతుంది. నా మొదటి కోడ్‌లో సరిగ్గా ఇదే జరిగి, కారణం తెలియక రెండు రోజులు బాధపడ్డాను.

మీ పట్టికకు కావలసిన కీలు: ‘జనరల్’ కింద ఆర్కిటెక్చర్, నేమ్, ఫైల్ టైప్, లాంగ్వేజెస్, ఆర్కిటెక్చర్ పేరు కింద కాంటెక్స్ట్ లెంగ్త్, బ్లాక్ కౌంట్, ఎంబెడింగ్ లెంగ్త్. ముందు ఆర్కిటెక్చర్ విలువను చదివి, ఆ మాటను ముందు చేర్చి మిగతా కీలను వెతకాలి, ‘లామా’ అని కోడ్‌లో పాతిపెడితే క్వెన్, జెమ్మా ఫైళ్ళు ఖాళీగా కనిపిస్తాయి. భాషల కీలో రెండక్షరాల సంకేతాల శ్రేణి ఉండవచ్చు, తెలుగుకు ‘టీఈ’. ఫైల్ టైప్ 15 అయితే అది క్యూ4 కే ఎం అనే కుదింపు. అది కూడా ‘ఎక్కువ భాగం’ అన్న అర్థంలోనే, ఎందుకంటే అలాంటి ఫైలులో కొన్ని టెన్సర్లు వేరే కుదింపులో ఉంటాయి.

చిరుదీపం (8)

నేను విద్యార్థిని, ఇదే పనిని జీజీయూఎఫ్ పైథాన్ లైబ్రరీలోని రీడర్‌తో చేస్తున్నాను. నాకు మోడల్ పేరుకు బదులు అంకెల వరుస వస్తున్నది. టోకెన్ల శ్రేణిలో తెలుగు ముక్కలు ఉంటాయని ఆశించాను, కాని యాస గుర్తులున్న లాటిన్ అక్షరాలు, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు కనిపిస్తున్నాయి. నేను ఎన్‌కోడింగ్ తప్పుగా చదువుతున్నానా అక్షరవాహిని గారూ?

అక్షరవాహిని (9)

అంకెల వరుస తప్పు కాదమ్మా, అవి పేరులోని బైట్లే. ఆ రీడర్ ఫైలును మెమరీకి అనుసంధానించి నంపై శ్రేణులుగా ఇస్తుంది. ఫీల్డులోని ‘పార్ట్స్’ జాబితాలో విలువ ఉన్న స్థానాన్ని ‘డేటా’ చెబుతుంది, అక్కడి బైట్లను యూటీఎఫ్-8గా విప్పాలి. లైబ్రరీ కొత్త వెర్షన్లలో ‘కంటెంట్స్’ అనే పద్ధతి ఈ పనిని నీ బదులు చేస్తుంది.

టోకెన్ల విషయంలోనూ నువ్వు చదివింది సరైనదే. టోకెనైజర్ మోడల్ కీ విలువ ‘జీపీటీ 2’ అని ఉంటే, ఆ పదకోశం బైట్ల స్థాయిలో తయారైనది. ప్రతి బైటుకూ కంటికి కనబడే ఒక యూనికోడ్ గుర్తును కేటాయించి, టోకెన్లను ఆ గుర్తులతో రాస్తారు. ‘త’ అక్షరపు మూడు బైట్లు 224, 176, 164. వాటికి కేటాయించిన గుర్తులు యాస గుర్తున్న లాటిన్ అక్షరం, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు, అంటే నీకు కనిపించినవే. ఆ కేటాయింపు పట్టికను తిరగేసి బైట్లను రాబట్టి, వాటిని కలిపి యూటీఎఫ్-8గా విప్పితే తెలుగు వస్తుంది. కొన్ని టోకెన్లు ఒక అక్షరాన్ని మధ్యలో తెగ్గొట్టిన బైట్లు కావడం వల్ల విడిగా విప్పబడవు, అది లోపం కాదు.

మిరపతోట (10)

ఆనెక్స్ గురించి నా అనుభవం. మిరప ఆకుల తెగుళ్ళను గుర్తించే మోడల్ ఒకటి మా దగ్గర ఉంది. లేబుళ్ళ వచన ఫైలు ఎక్కడో పోయింది, మోడల్ మాత్రం 0, 1, 2 అని అంకెలే చెప్పేది. ఏ అంకె ఏ తెగులో తెలియని మోడల్ రైతుకు ఏ విధంగానూ పనికిరాదు. చివరికి ఆ లేబుళ్ళు ఆనెక్స్ ఫైలు లోపలే భద్రంగా ఉన్నాయని తెలిసింది.

ఆనెక్స్ ఫైలు ఒక ప్రోటోబఫ్ సందేశం, అంటే సంఖ్యలు వేసిన గడులలో దత్తాంశాన్ని దాచే బైనరీ అమరిక. తయారుచేసిన సాధనం పేరు, దాని వెర్షన్, వివరణ వచనం, ఆప్‌సెట్ (వాడిన గణన క్రియల సమితి) వెర్షన్లు నిర్ణీత గడులలో ఉంటాయి. మనం చేర్చే సొంత జంటలు ‘మెటాడేటా ప్రాప్స్’ అనే గడిలోకి వెళ్తాయి. అల్ట్రాలిటిక్స్ నుంచి ఎగుమతి అయిన యోలో (బొమ్మల్లో వస్తువులను గుర్తించే మోడల్) ఫైళ్ళలో తరగతుల పేర్లు, బొమ్మ పరిమాణం, పని రకం అక్కడే దొరుకుతాయి. ఆనెక్స్ లైబ్రరీతో తెరిచేటప్పుడు బయటి బరువుల ఫైళ్ళను తేవద్దని చెప్పే వీలుంది, అది వాడండి. ఆనెక్స్ రన్‌టైమ్‌లో సెషన్ తెరిచి మోడల్‌మెటా అడిగినా ఇవే వస్తాయి కాని, అందుకోసం అది బరువులన్నీ ఎక్కించి గ్రాఫును మెరుగుపరిచే పని కూడా చేస్తుంది, కేవలం చదవడానికి అంత శ్రమ అక్కరలేదు.

తరగతుల పేర్ల విలువ జేసాన్‌లా కనిపిస్తుంది గాని జేసాన్ కాదు. అది పైథాన్ నిఘంటువును అలాగే అచ్చు వేసిన వచనం, కీలు కొటేషన్లు లేని అంకెలు. జేసాన్‌గా విప్పబోతే తప్పు చూపుతుంది. అలాగని ‘ఎవాల్’ వాడితే ఆ ఫైలులో ఎవరు ఏ కోడ్ రాసినా మీ యంత్రంలో నడుస్తుంది. ఏఎస్‌టీ మాడ్యూల్‌లోని ‘లిటరల్ ఎవాల్’ వాడండి, అది విలువలను మాత్రమే ఒప్పుకుంటుంది.

లైబ్రరీ లేకుండా కూడా ఈ గడిని చేరవచ్చు. ప్రోటోబఫ్‌లో ప్రతి గడికీ ముందు దాని సంఖ్య, రకం రెండూ కలిసిన ట్యాగు ఉంటుంది. గ్రాఫు 7వ గడి, దాని ట్యాగు 58. మెటాడేటా 14వ గడి, దాని ట్యాగు 114. 58 కనిపించగానే పక్కనున్న పొడవును చదివి గ్రాఫు మొత్తాన్ని ఒక్క గంతులో దాటేయవచ్చు. మెటాడేటా ఎప్పుడూ ఫైలు చివరే ఉంటుంది కనుక చివరి కొన్ని కిలోబైట్లు చదివినా సరిపోతుంది.

అక్షరవాహిని (11)

మిరపతోట గారూ, గంతు పద్ధతి చక్కగా ఉంది, చివరి వాక్యానికి మాత్రం చిన్న సవరణ. గడులు వాటి సంఖ్యల క్రమంలోనే రావాలన్న హామీ ప్రోటోబఫ్‌లో లేదు. మామూలు సాధనాలు ఆ క్రమంలోనే రాస్తాయి కాబట్టి మెటాడేటా చివర కనిపిస్తుంది. పైగా ఫైలు చివరినుంచి వెనక్కి చదివితే ఒక గడి ఎక్కడ మొదలైందో తెలుసుకునే దారి లేదు, బరువుల మధ్య 114 అన్న బైటు కొల్లలుగా ఉంటుంది. మొదటినుంచి గడి తరువాత గడిగా దాటుకుంటూ పోవడమే సరైన మార్గం.

మిరపతోట (12)

ఒప్పుకుంటున్నాను. నా కోడ్‌లోనూ ఇప్పుడే మార్చాను.

చిరుదీపం (13)

పైటార్చ్ ఫైళ్ళు 31 మాత్రమే ఉన్నాయి కదా, అవి చిన్నవైతే ‘టార్చ్ లోడ్’ చేసి చూసుకోవచ్చు కదా? అంత కష్టపడడం ఎందుకు?

రాతిగోడ (14)

పరిమాణం అసలు సమస్య కాదు. ఆ ఫైళ్ళ లోపల ఉండేది పైథాన్ పికిల్. పికిల్ అంటే దాచిపెట్టిన దత్తాంశం మాత్రమే కాదు, వస్తువులను తిరిగి నిర్మించే ఆదేశాల వరుస. ఆ ఆదేశాలలో ‘ఈ మాడ్యూల్‌లోని ఈ ఫంక్షన్‌ను పిలువు’ అన్నది కూడా ఒకటి. కనుక ఎవరు తయారుచేశారో తెలియని ఫైలును ఎక్కించడం, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును నడపడంతో సమానం. పైటార్చ్ 2.6 నుంచి ‘బరువులు మాత్రమే’ అన్న కట్టడి దానంతట అదే అమలవుతుంది. పాత వెర్షన్లలో ఆ కట్టడిని మనమే కోరాలి. కట్టడి కారణంగా ఫైలు తెరుచుకోకపోతే దాన్ని తీసేసి మళ్ళీ ప్రయత్నించడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి.

చూడడానికి సురక్షితమైన దారి ఉంది. పైటార్చ్ 1.6 తరువాతి ఫైళ్ళు సాధారణంగా జిప్ సంచులే, మొదటి రెండు బైట్లు 80, 75 ఉంటాయి. జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో తెరిచి లోపలి పేర్ల జాబితా తీయండి. పికిల్ భాగాన్ని బైట్లుగా తీసి, పైథాన్‌తోనే వచ్చే పికిల్‌టూల్స్‌కు ఇస్తే, అది ఆదేశాలను నడపకుండా ఒక్కొక్కటిగా అచ్చు వేస్తుంది. టెన్సర్లను తిరిగి కట్టే టార్చ్ ఫంక్షన్లు, ఆర్డర్డ్ డిక్ట్ వంటివి కనిపించడం మామూలే. ఆపరేటింగ్ సిస్టమ్ ఆదేశాలను పిలిచే పేర్లు కనిపిస్తే ఆ ఫైలును పక్కన పెట్టండి. టార్చ్‌స్క్రిప్ట్ ఫైలైతే అదే జిప్‌లో ‘ఎక్స్‌ట్రా’ అనే ఫోల్డరు ఉండవచ్చు, శిక్షణ ఇచ్చినవారు చేర్చిన అదనపు వివరాలు అందులో మామూలు వచనంగానే దొరుకుతాయి.

మెటాడేటా గురించే ఇంకొక మాట. అది వచనమే కదా, ఏ హానీ చేయదని అనుకోకూడదు. జీజీయూఎఫ్ ఫైళ్ళలో సంభాషణ నమూనా, అంటే చాట్ టెంప్లేట్, జింజా అనే నమూనా భాషలో ఉంటుంది. 2024లో లామా-సీపీపీ-పైథాన్ లైబ్రరీలో బయటపడిన లోపం (భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2024-34359) సరిగ్గా దీని వల్లనే. ఆ లైబ్రరీ ఫైలులోని నమూనాను రక్షణ పరిధి లేకుండా జింజాకు అప్పగించేది, కాబట్టి ఫైలును ఎక్కించినంత మాత్రానే అందులోని కోడ్ నడిచే అవకాశం ఉండేది. 0.2.72 వెర్షన్‌లో దాన్ని సరిదిద్దారు. మీరు పట్టిక తయారుచేస్తున్నప్పుడు ఆ విలువను స్ట్రింగుగానే ఉంచండి, ఏ నమూనా యంత్రానికీ ఇవ్వకండి. పట్టికను వెబ్ పేజీగా చూపేటట్లయితే ప్రతి విలువనూ హెచ్‌టీఎమ్‌ఎల్‌కు తగినట్టు శుద్ధి చేయండి. శ్రేణి పొడవులకూ, స్ట్రింగు పొడవులకూ, జంటల సంఖ్యకూ హద్దులు పెట్టండి. జీజీయూఎఫ్‌ను చదివే సీ భాషా కోడ్‌లోనూ, పొడవులను సరిచూడకపోవడం వల్ల పూర్ణాంకాలు పొంగి మెమరీ చెడిపోయే లోపాలు అదే ఏడాది బయటపడ్డాయి.

చిరుదీపం (15)

నేను ఆ కట్టడిని చాలాసార్లు తీసేశాను. ఇకపై తీయను. వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు.

దూరతీరం (16)

డల్లాస్ నుంచి రాస్తున్నాను, ఇక్కడ అర్ధరాత్రి దాటింది కనుక క్లుప్తంగా చెబుతాను. టీఎఫ్‌లైట్ ఫైలులో 4వ స్థానంనుంచి నాలుగు బైట్లు 84, 70, 76, 51 ఉంటాయి. వర్ణనతో పాటు లేబుళ్ళను జోడించిన ఫైలైతే, ఆ లేబుళ్ళ ఫైలు జిప్ రూపంలో చివర అతికి ఉంటుంది. అదే ఫైలును జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో తెరిచి చూడండి, చాలాసార్లు లేబుళ్ళు నేరుగా బయటికి వస్తాయి.

ఫైళ్ళు మీ డిస్కులో లేకపోయినా హెడర్ చదవవచ్చు. హెచ్‌టీటీపీలో ‘రేంజ్’ కోరికతో మొదటి 8 బైట్లు, తరువాత హెడర్ మాత్రమే తెచ్చుకోవచ్చు. హగ్గింగ్ ఫేస్ హబ్ లైబ్రరీలో సేఫ్‌టెన్సర్స్ మెటాడేటా కోసం ఉన్న ఫంక్షన్ కూడా ‘రేంజ్’ కోరికలనే వాడుతుంది. సమాధాన సంకేతం 206 వస్తేనే ముందుకు వెళ్ళండి. 200 వచ్చిందంటే సర్వరు మీ కోరికను పట్టించుకోకుండా ఫైలంతా పంపుతున్నదని అర్థం.

పెన్నాతీరం (17)

మీరందరూ చెప్పినట్టు రాసిన కోడ్ ఇప్పుడు పూర్తిగా పనిచేస్తున్నది. పొడిగింపు పేరును నమ్మకుండా మొదటి బైట్లను బట్టి ఫైలు రకాన్ని నిర్ణయిస్తున్నాను. దానివల్ల ఆనెక్స్ పేరుతో ఉన్న రెండు ఫైళ్ళు నిజానికి జిప్ సంచులని తెలిసింది. పైటార్చ్ ఫైళ్ళలో ఒకదానిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలిచే ఆదేశం కనిపించడంతో దాన్ని మా భద్రతా బాధ్యులకు అప్పగించాను.

‘చెప్పుకున్నది’, ‘కనిపించింది’ అన్న గడులు ఒక జీజీయూఎఫ్ ఫైలులో ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పేరులో 1300 కోట్ల పరామితులని ఉంది, బ్లాక్ కౌంట్ 32, టెన్సర్ల లెక్క 700 కోట్లు దాటడం లేదు. పద నిక్షేపణ పట్టిక కొలతలు కూడా 4096, 32000 అని తలకిందులుగా ఉన్నాయి. ఫైలు పాడైందా?

అక్షరవాహిని (18)

కొలతలు తలకిందులుగా కనిపించడం సహజం, జీజీయూఎఫ్‌లో లోపలి కొలతను ముందు రాస్తారు, పైటార్చ్‌లో అది చివర ఉంటుంది. పట్టికలో ఒకే క్రమానికి మార్చుకోండి. పేరు మాత్రం తప్పే. మార్పిడి చేసినవారు వేరే మోడల్ కోసం రాసిన ఆదేశాన్ని మార్చకుండా వాడి ఉంటారు. లెక్క చెప్పినదే నమ్మండి. జీజీయూఎఫ్ లైబ్రరీతో వచ్చే ‘న్యూ మెటాడేటా’ స్క్రిప్టుతో పేరు సరిచేసిన కొత్త ఫైలును తయారుచేసుకోవచ్చు.

బైట్‌బాట (19)

సరిచేసే ముందు ప్రతి ఫైలుకూ రెండు షా-256 గుర్తులు లెక్కించి పెట్టుకోండి: ఒకటి మొత్తం ఫైలుకు, రెండవది బరువుల భాగానికి మాత్రమే. సేఫ్‌టెన్సర్స్‌లో ఆ భాగం న కు 8 కలిపిన స్థానంనుంచి మొదలవుతుంది. మెటాడేటాలో ఒక్క అక్షరం మారినా మొదటి గుర్తు మారిపోతుంది, రెండవది మారదు. ఇకపై మీరే భద్రపరిచే ఫైళ్ళలో ‘సేవ్ ఫైల్’కు మెటాడేటా నిఘంటువు ఇవ్వండి. విలువలన్నిటినీ స్ట్రింగులుగా మార్చకపోతే అది ఒప్పుకోదు. లేబుళ్ళు తెలుగులో ఉంటే జేసాన్‌గా మార్చేటప్పుడు ‘ఎన్‌ష్యూర్ ఆస్కీ’ని ఆపండి. లేకపోతే ప్రతి సంకేతమూ ఆరు అక్షరాల గుప్తరూపంలోకి మారి, 18 బైట్ల ‘తెలుగు’ 36 బైట్లవుతుంది, ఫైలును నేరుగా తెరిచి చూసినవారికి చదవడానికీ రాదు.

పెన్నాతీరం (20)

బరువుల గుర్తులు లెక్కించాను. సేఫ్‌టెన్సర్స్ ఫైళ్ళలో 41 కేవలం పేరూ మెటాడేటా మారిన నకళ్ళు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ మూడూ ఒకే బరువులు. ఎల్‌ఎఫ్‌ఎస్ సూచిక ఫైళ్ళు తొమ్మిదింటిలో ఆరింటి అసలు ఫైళ్ళు వేరే పేర్లతో ఇదే డిస్కులో దొరికాయి. మిగిలిన మూడింటి కోసం పాత భాండాగారం ప్రవేశ అనుమతిని ఈరోజు అడిగాను.